అక్క కాచిన ద్రాక్షారసం

మా రాజుపాలెం చర్చిలో నెలకోసారి రొట్టె, రసం పంచే ప్రభు బల్లకు ద్రాక్షారసం కాచేది మా అక్క. పెళ్ళి చేసుకుని వెళ్ళిన ఆరేళ్ళు తప్ప ఏనాడూ మానలేదు. సత్తెనపల్లి నుంచి నల్ల ద్రాక్ష తేవడం నా పని.

అక్క ఊరికే తిరిగి రాలేదు. బావ కొట్టిన దెబ్బకు ఎడమ మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది. నరసరావుపేట కోర్టు చుట్టూ మూడేళ్ళు తిరిగితే నిరుడు విడాకులు వచ్చాయి. కోర్టుకు ఆ చెయ్యి కనబడింది. మా సంఘానికి కనబడలేదు.

ఒక సాయంత్రం సంఘ పెద్ద బైబిలు చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మాకు వరసకు పెదనాన్న. వ్యభిచారం అయితే తప్ప విడాకులు వాక్యానికి విరోధమట. అక్క అందరి ముందు నిలబడి తప్పు ఒప్పుకునేదాకా ఆమెకు బల్ల లేదట.

"కొట్టాడే గానీ పరాయిదాని జోలికి పోలేదు గదమ్మా. కాస్త ఓర్చుకోవాల్సింది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మగవాడు ఒక కాగితం ముక్క చేతిలో పెట్టి పెళ్ళాన్ని వీధిలోకి నెట్టేసే కాలంలో, ఆడదానికి అండగా యేసు ప్రభువు చెప్పిన మాట అది. దాన్ని తెచ్చి మా అక్క నెత్తినే కొడతారా?

వెళ్తూ వెళ్తూ ఆయన గుమ్మంలో ఆగాడు.

"రసం మాత్రం ఎప్పట్లాగే పంపియ్యి. నీ చేతి రుచి ఇంకెవరికీ రాదే అమ్మాయ్."

సిగ్గనేది ఉంటే కదా! అయినా అక్క కాచింది. ఎందుకే అని అరిచాను.

"ఆయన కోసం కాయట్లేదురా" అంది, కుడి చేత్తో ద్రాక్ష పిసుకుతూ.

ఆ ఆదివారం అక్క వెనక గోడకు ఆనుకుని కూర్చుంది. మా చర్చిలో గ్లాసుల ట్రే ముందు మగవాళ్ళ వైపు తిరుగుతుంది, తర్వాతే ఆడవాళ్ళకు. అటు ముందు వరుసలో చాప మీద అమ్మ ఉంది. నలభై ఏళ్ళుగా బల్ల తప్పని మనిషి. ట్రే దగ్గరికొచ్చినా చేతులు ఒళ్ళోనే ఉంచుకుంది.

"తీసుకో అమ్మా" అన్నారు పాస్టరుగారు.

"కాచిన బిడ్డకు లేంది నాకెందుకయ్యా?"

చర్చి అంతటికీ వినబడింది. ట్రే అక్కడే ఆగిపోయింది.

వారం రోజులుగా ఇంట్లో ఎగిరెగిరి పడ్డది నేను. చేతిలోకి చూసుకున్నాను. నా గ్లాసు ఖాళీగా ఉంది. ఎప్పట్లాగే, తల వంచుకుని తాగేశాను.