ఆకులో మగ్గిన పెసరట్టు

ఏ ఊరు వెళ్ళినా నేను ముందు గుడి ఎక్కడని అడగను, పాత హోటలెక్కడని అడుగుతాను. ఇందుకు మా ఇంట్లో నాకు చాలా పేర్లే పెట్టారు. వాటిలో కాస్త మర్యాదగా ఉన్నది ‘తిండిపోతు’ ఒక్కటే. నేను పట్టించుకోను. ఇన్నేళ్ళు బ్యాంకు కౌంటర్లో కూర్చుని అందరి చేతా మాటలు పడ్డదానికి ఆ మాత్రం సరదా ఉండకూడదా? కొత్త హోటళ్ళతో నాకు పడదు. మెనూ కార్డు దళసరిగా ఉంటుంది, చట్నీ పల్చగా ఉంటుంది. పాత హోటల్లో గోడ పెచ్చులూడినా సాంబారులో మునక్కాడ ముక్క మునక్కాడలాగే ఉంటుంది.

అయితే ఈ మధ్య చేసిన రాజమండ్రి ప్రయాణం మాత్రం నా సరదా కోసం కాదు, మా పిన్ని కోసం.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. పెనుగొండలో ఉంటుంది. బాబాయికి అక్కడ చిన్న బట్టల కొట్టు ఉండేది. సరుకు కోసం వారం వారం రాజమండ్రి వెళ్ళేవాడు. పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళి, మధ్యాహ్నం దాటాక బట్టల మూటలతో దిగేవాడు. చేతిసంచీలో మాత్రం పురికొసతో కట్టిన కాగితం పొట్లం ఒకటి ఉండేది. కాగితంలో అరటాకు, ఆకులో ఉప్మా పెసరట్టు, దాని మీదే వేసేసిన అల్లం పచ్చడి. అది పిన్నికి.

ఆ పొట్లం ఇంట్లోకి రావడానికి వీల్లేదు. పిన్ని అత్తగారికి హోటలు తిండి అంటే మైల. ఎవరు వండారో, ఏ చేత్తో వండారో తెలియని కూడు వంటింటి గడప దాటకూడదని ఆవిడ శాసనం. అందుకని బాబాయి పక్కసందులోంచి పెరట్లోకి వెళ్ళి, పొట్లం నూతి దగ్గర బట్టలుతికే బండ మీద పెట్టి, మళ్ళీ చుట్టూ తిరిగి ఏమీ ఎరగనట్టు వీధి గుమ్మంలోంచి వచ్చేవాడు. వచ్చి అరుగు మీద వాళ్ళమ్మ పక్కన చతికిలబడి రాజమండ్రి కబుర్లు మొదలుపెట్టేవాడు. గోదావరికి ఎంత నీరొచ్చింది, బస్సులో ఎవరితో ఎవరికి తగువైంది, ఏ షావుకారు కూతురికి ఎక్కడ సంబంధం కుదిరింది. ఆవిడ అక్కణ్ణుంచి కదలకూడదు, అంతే. ఆ కబుర్లు సాగినంతసేపే పిన్నికి వ్యవధి. గబగబా తిని, ఆకు అరటిబోదెల వెనక పారేసి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, నోరు పుక్కిలించి లోపలికొచ్చేది.

వేసవి సెలవుల్లో నేనక్కడుంటే నాకూ ఓ మూల ముక్క దొరికేది. “మామ్మ అడిగితే ఏం తిన్నావంటావే?” అని పిన్ని ముందే పాఠం ఒప్పజెప్పించుకునేది. “మావిడికాయ” అనేదాన్ని. మామ్మ ఒక్కసారీ అడగలేదు. అల్లం పచ్చడి వాసన వీధి చివరిదాకా కొట్టేది, ఆవిడ ముక్కుకి మాత్రం తెలియదా? కొడుకు కబుర్లు వినడం కోసం తెలియనట్టు ఊరుకుందేమోనని ఇప్పుడనిపిస్తుంది.

పిన్ని ఆ హోటలు గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. కాపురానికొచ్చిన కొత్తలో ఓసారి అడిగిందట, నన్నూ తీసుకెళ్ళండని. బాబాయి నవ్వేసి, “అక్కడ కూచుని తినేవాళ్ళకి దాని రుచేం తెలుసే? పెనం మీంచి తీసింది నోరు కాలడం తప్ప ఇంకేం లేదు. ఆకులో పడి, ఆ ఆవిరికి మగ్గి, బస్సులో ఇంటికొచ్చాకే అది పెసరట్టవుద్ది. అసలు రుచి నీదే” అన్నాడట. పిన్ని నమ్మేసింది. మామ్మ పోయాక అడ్డు చెప్పేవాళ్ళు లేకపోయినా మళ్ళీ అడగలేదు. పొట్లం దర్జాగా వంటింట్లోకి రావచ్చు, అయినా పిన్ని ఆ బండ మీదే కూర్చుని తినేది. అలవాటు అలాంటిది.

ఆ హోటలు పేరేమిటో కూడా పిన్నికి తెలియదు. బాబాయి ఎప్పుడూ ‘మన హోటలు’ అనే అనేవాడు. ఆఖర్లో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. పిన్నికి పేరడగాలని తోచేసరికి ఆయనకి చెప్పే శక్తి లేదు.

సంవత్సరీకాలు పూర్తయ్యాక పిన్ని ఫోన్ చేసింది. “నువ్వు ఊళ్ళన్నీ తిరిగి తింటావు కదే. ఆయన హోటలేదో కనిపెట్టి నన్ను తీసుకెళ్ళు. ఆయన కూచున్నచోట ఒక్కసారి కూచోవాలి. ఈ మోకాళ్ళు ఇంకెన్నాళ్ళు నా మాట వింటాయో తెలీదు” అంది. పిన్ని జన్మలో నన్నేమీ అడగలేదు. నేను మర్నాడే సెలవు పెట్టాను.

మా దగ్గరున్న ఆనవాళ్ళు రెండే. బట్టల బజారు నుంచి నడిచి వెళ్ళేంత దూరం. లోపల చేతులు కడుక్కునేచోట నిలువుటద్దం. మీసానికి పచ్చడి అంటిందేమో ఆ అద్దంలో చూసుకుని మరీ బయల్దేరేవాడినని బాబాయి చెప్పేవాడట. ఇవి కాక పిన్ని నాలుక. “అద్దం పోయినా పోవచ్చు గానీ ఆ రుచి నేను మర్చిపోతానా?” అంది. అదీ నిజమే అనుకున్నాను.

బస్సులో పిన్ని ఒళ్ళో చక్కిలాల డబ్బా కనిపించింది. హోటళ్ళు తిరగడానికి వెళ్తూ ఇంటినుంచి తిండి పట్టుకొచ్చిన మనిషిని నేను ఈవిడనొక్కదాన్నే చూశాను. కొవ్వూరు దాటి బ్రిడ్జి ఎక్కగానే గోదావరికి దణ్ణం పెట్టుకుంది. నేను మాత్రం మొదట ఏ హోటలుకి వెళ్ళాలా అని ఆలోచిస్తున్నాను.

మొదటిది మెయిన్ రోడ్డుకి పక్కసందులో ఉంది. రాతి పలకల టేబుళ్ళు, వాటి చుట్టూ కొత్త ప్లాస్టిక్ కుర్చీలు. గోడలకి నడుమెత్తు దాకా టైల్స్. అద్దం లేదు. యజమానిని అడుగుదామంటే పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. “అడక్కు. అడిగితే ప్రతివాడూ మాదేనండి అంటాడు. తింటే నాకే తెలుస్తుంది.” ఉప్మా పెసరట్టు రెండు చెప్పాను. అంచులు ఎర్రగా కాలి, మధ్యలో ఉప్మా పొగలు కక్కుతూ వచ్చాయి. నేను మాట్లాడకుండా పని కానిచ్చాను. పిన్ని ఒక ముక్క తుంచుకుని, కళ్ళు మూసుకుని నమిలి, తల అడ్డంగా ఊపింది.

“ఇది కాదే.”

“బాగుంది కదా పిన్నీ!”

“బాగుండటం కాదే నాక్కావలసింది” అంది. మిగిలింది వదిలేస్తే మహాపాపం కనక కట్టివ్వమంది. ఆ వడ్డించే ఆయన అరటాకులో పెట్టి, పచ్చడి మీదే వేసి, కాగితం చుట్టి ఇచ్చాడు. దాన్ని చక్కిలాల డబ్బా పక్కన కుక్కాను.

రెండోది కోటగుమ్మం వైపు. అక్కడ అద్దం ఉంది. ఇదేనేమోనని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పెసరట్టొచ్చింది. ఒక ముక్క. మళ్ళీ తల అడ్డంగా. మూడోది స్టేషన్ దగ్గర. అక్కడ పెసరట్టు పొద్దుటిపూట మాత్రమేనట, అయినా పిన్ని వడ్డించేవాడితో అతని ఊరు, పెళ్ళి, పిల్లలూ అన్నీ మాట్లాడి వేయించుకుంది. అదీ కాదు. ఈ రెండుచోట్లా పిన్ని వదిలేసింది నేనే లాగించాను. నాలుగోదానికి వెళ్ళేసరికి మూసేసి ఉంది. తాళం చూస్తే ఆ తలుపులు తెరిచి చాలా కాలమైనట్టుంది. పిన్ని ఆ మెట్టు మీద నిలబడి చాలాసేపు చూసింది. “ఇదేనేమోనే” అంది. ఆ మాట వింటే నాకు దుఃఖమూ వచ్చింది, ఒళ్ళూ మండింది. తినడానికి వీల్లేని హోటలే ఆయనదని నిర్ణయించేసుకుంటే ఇక చేసేదేముంది?

సాయంత్రం పుష్కర ఘాట్ మెట్ల మీద కూలబడ్డాం. ఎండ తగ్గి గాలి చల్లగా వీస్తోంది. రైలొకటి బ్రిడ్జి మీద గడగడలాడుతూ వెళ్ళింది. నేను ఊరుకోవలసింది. నోరు ఊరుకోలేదు. “ఎన్నేళ్ళనాటి రుచి పిన్నీ? నాలుక మీద నిలవుంటుందా? ఏదో ఒకదాంట్లో కూచుని, ఇదే ఆయన హోటలనుకుంటే పోయేదిగా!” అన్నాను.

పిన్ని కోప్పడలేదు. “అనుకోడానికైతే ఇంత దూరం రావడం దేనికే? పెనుగొండలో కూచునే అనుకునేదాన్ని కదా” అంది.

రోజంతా ముక్కలు ముక్కలుగా తిన్నదేమో, పిన్నికి ఆకలేసింది. చక్కిలాల కోసం సంచీలో చెయ్యిపెడితే పొద్దుటి పొట్లం తగిలింది. పాడైందేమో చూద్దామని విప్పింది. ఆకు వడిలి నల్లబడింది. పెసరట్టు మెత్తబడి ఉప్మాకి అతుక్కుపోయింది. పచ్చడి అట్టులోకి ఇంకిపోయింది. నా ముక్కుకి ఆ వాసన తగలగానే నూతి చప్టా, తడి బండ, నోట్లో ముక్క పెట్టుకుని ‘మావిడికాయ, మావిడికాయ’ అని వల్లె వేసుకుంటున్న నేనూ, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి.

పిన్ని ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపేసింది. నావైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు.

“ఇదేనే. ఇదే.”

నేనూ తిన్నాను. ఇదే. ఇద్దరం ఎంత తెలివితక్కువవాళ్ళమో అప్పుడు తెలిసింది. పిన్నికి తెలిసిన పెసరట్టు పెనం మీది పెసరట్టు కాదు. జన్మలో ఎన్నడూ వేడిగా తినని దాన్ని, వేడిగా నోట్లో పెట్టుకుని ఇది కాదు పొమ్మంది. పొద్దున్నే మొట్టమొదట ఎక్కిన మెట్లే ఆయన వారం వారం ఎక్కిన మెట్లు. మేం దిగొచ్చేసి ఊరంతా తిరిగాం. నాకు నవ్వాగలేదు. నన్ను చూసి పిన్ని కూడా ఏడుస్తూనే నవ్వింది. మెట్ల మీద హారతి కోసం చేరినవాళ్ళు మమ్మల్ని వింతగా చూశారు.

ఆ రాత్రి లాడ్జిలో ఉండిపోయి, మర్నాడు హోటలు తెరిచేసరికి మేం గుమ్మంలో ఉన్నాం. ఈసారి పిన్ని అడగనిచ్చింది. గల్లా దగ్గర కూర్చున్న పెద్దమనిషి ఆశ్చర్యపోయాడు. “నిలువుటద్దమా అండీ? మా నాన్నగారి రోజుల్లో ఉండేదండి, అదిగో ఆ మూల. పగిలిపోతే తీసేసి టైల్స్ వేయించామండి. మీకెలా తెలుసండీ?” అన్నాడు.

“మావారు చెప్పేవారండి” అంది పిన్ని. ఆ మూలకి దగ్గరగా గోడవార టేబుల్ ముందు కూర్చుంది. నేను ఎదురుగా కూర్చోబోతే, “నువ్విలా పక్కకి రా” అంది. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంచింది.

పెసరట్టొచ్చింది. నిన్న వెతుకులాటలో మింగిన మనిషి ఇవాళ తీరిగ్గా తింది. కరకరలాడే అంచు విరిచి, వేడి ఉప్మా చుట్టి, అల్లం పచ్చడిలో ముంచి నోట్లో పెట్టుకుంది. ఇంకో ముక్క. ఇంకో ముక్క. ఉన్నట్టుండి చెయ్యి ఆగిపోయింది. ఎదుటి కుర్చీని చూస్తూ గట్టిగా అంది.

“ఎంత అబద్ధం ఆడారండీ!”

వడ్డించే ఆయన కంగారుగా వచ్చేశాడు. “ఏమైందండీ? బాగోలేదా అండీ?”

“బాగుంది నాయనా. ఎంతో బాగుంది. అదే నా గొడవ” అంది పిన్ని.

ఈ రుచి తెలిసి కూడా, రాలేని భార్యకి బెంగ కలగకుండా, చల్లారిందే అసలు రుచని చెప్పి ఆ మనిషి జీవితమంతా ఆ మాట మీదే నిలబడ్డాడు. బాబాయిని నేను మామూలు మనిషనుకున్నాను. నాకు ఆ క్షణంలో ఆయన మీద వచ్చినంత ప్రేమ ఆయన బతికుండగా ఎప్పుడూ రాలేదు.

పిన్ని పళ్ళెం ఖాళీ చేసి ఇంకోటి చెప్పింది. అదీ తింది. చెయ్యి కడుక్కునేచోట, అద్దం లేని గోడ ముందు కాసేపు నిలబడి, కొంగుతో మూతి తుడుచుకుంది.

“పార్సిలేమైనా కట్టమంటారాండీ?” గల్లా దగ్గర అడిగారు.

“ఒకటి కట్టండి” అంది పిన్ని.

“వేడిదే బాగుందిగా పిన్నీ?” అన్నాను.

“వేడిదే బాగుంది” అంది. పొట్లం అందుకుని, పురికొస ముడి సరిగ్గా ఉందో లేదో చూసి, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. దారి పొడుగునా దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

పెనుగొండలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. నేను వీధి తలుపు తాళం తీసి పట్టుకున్నాను. పిన్ని మాత్రం పొట్లం పట్టుకుని పక్కసందులోంచి పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను లోపలికి వెళ్ళలేదు. అరుగు మీద, బాబాయి కూర్చునేచోట కూర్చున్నాను. పెరట్లో పిన్ని కాళ్ళు కడుక్కుంటున్న చప్పుడు వినిపించేదాకా అక్కణ్ణుంచి లేవలేదు.