నా పేరు ఇంకొకరి వీపు మీద

కాలు విరిగి రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాక, ఈ రోజు ఇన్సేన్ పేటలో మా రోలర్ డెర్బీ ప్రాక్టీసుకు వెళ్ళాను. స్కేట్ల మీద ఆడే ఈ ఆటలో ప్రతివాళ్ళూ తమకొక ఆటపేరు పెట్టుకుంటారు. నాది ‘పచ్చిమిరప’. ఆ పేరున్న చొక్కా వేసుకుని ఎవరో కొత్త పిల్ల స్కేట్ల మీద తిరుగుతోంది!

నేను చెయ్యి పట్టుకుని ఆటలోకి తెచ్చిన సారానే ఇప్పుడు కెప్టెన్. నేరుగా అడిగాను.

“ఇదేటే సారా, నా పేరు ఇచ్చీసినావా?”

“నువ్వింక రావనుకున్నానే. ఆ పిల్ల అడిగింది, ఇచ్చీసినాను.”

“కాలిరిగింది గానీ నాను సచ్చిపోనేదు కదే!”

సారా నవ్వేసి విజిల్ ఊదింది. రెండు నెలల్లో ఒక్కసారీ చూడ్డానికి రానప్పుడే నాకు అర్థం కావలసింది. స్కేట్లు వేసుకోకుండానే బస్సెక్కాను. దారంతా ఏడుపే.

ఆట మాత్రం మానను. మంచి పేరొకటి చెప్పండి, సారా నోటితోనే పిలిపించుకుంటాను.