పెద్దమ్మ బయటి రౌండు

"నిన్న మీరు సరిపడా నడవలేదు" అని ఈ మధ్య నా ఫోను పొద్దున్నే చాడీ చెబుతోంది, అదీ నాకే. ఆ మందలింపు విన్నప్పుడల్లా మా పెద్దమ్మ గుర్తొస్తుంది.

మైత్రీవనం పక్క సందులో ఆమెది ఇడ్లీ బండి. తిన్న కోచింగ్ పిల్లలకు ఉద్యోగాలొచ్చాయి, పెద్దమ్మకు షుగరొచ్చింది. రోజూ అరగంట నడవకపోతే ఇక ఇన్సులిన్ సూదే అన్నాడు డాక్టరు. పెద్దమ్మ దేవుడికైనా భయపడదు గానీ సూదికి భయపడుతుంది. నడవడానికి చోటేది? మా బస్తీలో రెండు బైకులు ఎదురైతే ఒకటి ఎవరింట్లోకో దూరాల్సిందే. పంజాగుట్ట చౌరస్తాలో నడక వ్యాయామం కాదు, సాహసం. మిగిలింది కాలనీ పార్కు. సర్కారు వేసిందే, కానీ తాళంచెవి కాలనీ సంఘం అధ్యక్షుడుగారి జేబులో ఉండేది.

గేటు తీసి ఉన్న వేళ చూసి, నన్ను తోడు లాక్కుని, రబ్బరు చెప్పులతో వెళ్ళింది. రెండో రౌండులో అధ్యక్షుడుగారు అడ్డం వచ్చారు.

"ఏంటమ్మా, ఎవరింట్లో పనిచేస్తావు?"

"మా ఇంట్లనే సారూ. జీతమే ఇస్తలేరు."

ఆయన నవ్వలేదు. అప్పుడే లాఫింగ్ క్లబ్బులో అరగంట నవ్వి వచ్చారు, స్టాకు అయిపోయినట్టుంది. పార్కు కాలనీవాళ్ళకే, అదీ బూట్లున్నవాళ్ళకే అని చెప్పి, మర్నాటి నుంచి గేటు దగ్గర మనిషిని పెట్టారు.

కథల్లో అయితే ఇక్కడ కన్నీళ్ళు రావాలి. పెద్దమ్మ మాత్రం ఇనుప ఊచల బయట, పార్కు చుట్టూ నడవడం మొదలుపెట్టింది. "బయటి రౌండే పెద్దగున్నదిరా" అంది. వారం తిరిగేసరికి ఆమె వెనక బస్తీ ఆడవాళ్ళు పదిమంది. లోపలివాళ్ళు ఒకవైపు తిరుగుతుంటే వీళ్ళు ఎదురు తిరిగేవారు. దాంతో ప్రతి రౌండుకూ ముఖాముఖి. "నమస్తే సారూ! షుగరెంతున్నది? నాదైతే దిగింది!" అని పెద్దమ్మ కేక. ఆయన వేగం పెంచేవారు. ఆయన ఆరోగ్యానికి మేం చేసిన సేవ అదే. మెల్లగా లాఫింగ్ క్లబ్బువాళ్ళు ఒక్కొక్కరే బయటికొచ్చి మావాళ్ళతో నడవసాగారు. ఇక్కడైతే నవ్వడానికి కారణం ఉంటుందట.

చివరికి లోపల ఒంటరిగా మిగిలిన అధ్యక్షుడుగారే వచ్చి గేటు తీశారు. "రామ్మా, లోపలే నడువు."

"నేనొక్కదాన్ని రాను సారూ. వీళ్ళు సుత వస్తరు. చెప్పులు సుత వస్తయి."

ఆయన పక్కకు జరిగారు. "కనీసం థ్యాంక్స్ చెప్పు పెద్దమ్మా" అని గొణిగాను.

"ఎందుకురా? ఆయన గేటా?"

ఆ తర్వాత డాక్టరు సూది మాట ఎత్తలేదు, గేటుకు తాళం పడలేదు. కాలమే అన్నిటినీ మారుస్తుందంటారు. నేను దగ్గరుండి చూశాను: కాలం ఊరికే గడిచింది, నడిచింది పెద్దమ్మే.