క్రూసిబుల్‌కు పెట్టిన బొట్టు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి తన తెలివి మీద కొండంత నమ్మకం ఉంటుంది. నాకు మాత్రం ఆ రోజుల్లో అదీ కరువే. విమానాశ్రయం పక్కన సాతంరాయి దగ్గర ఒక రేకుల షెడ్డు మా ప్రయోగశాల. విమానం దిగినప్పుడల్లా తూకం యంత్రంలో అంకెలు వణికేవి; అది పోయేదాకా అందరం ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళం. లిథియం సిలికేట్ అనే తెల్లటి పొడి తయారు చేయడం నా పని. ఆరువందల డిగ్రీల వేడిలో అది కార్బన్ డయాక్సైడును మింగి బరువెక్కాలి, ఇంకా వేడి చేస్తే కక్కేయాలి, మళ్ళీ మింగాలి. ఫ్యాక్టరీల పొగను అలా పట్టేయవచ్చని ఆశ. నా పొడి రెండుసార్లు మింగి, మూడోసారికి అలిగిన కొత్తల్లుడిలా బిగుసుకుపోయేది. ఆరు నెలలు ఇదే వరస. దసరా దాటేలోగా ఏదైనా చూపించకపోతే నా కాంట్రాక్టు పొడిగించరని తెలుసు.

దసరా నాడు యంత్రాలన్నింటికీ పూజ. మా పెద్దాయన కోస్తా మనిషి. ఏ మాటనైనా తూకం వేసి గానీ నమ్మడు కాబట్టి మాకు గ్రాము సారు. "అన్నింటికీ బొట్లు పెట్టుకోండి. తూకం యంత్రాన్నీ, క్రూసిబుల్స్‌నీ మాత్రం ముట్టుకోవద్దు," అని చెప్పి వెళ్ళాడు. పసుపు కుంకుమల పళ్ళెం బట్టీ అక్క చేతిలో ఉంది. కరెంటు బట్టీలు చూసుకునే ఆమెది కొత్వాల్‌గూడలో రైతుల ఇల్లు. భర్త దవాఖానల చుట్టూ తిరుగుతుంటే ఆ ఇల్లు నడిచేది ఈ పని మీదే. మాదేమో ఆదివారం తప్పకుండా చర్చికి పోయే ఇల్లు (ఈ బొట్టు సంగతి మా అమ్మకు ఇప్పటికీ తెలియదు, మీరూ చెప్పకండి). అయినా పొడి పోసి వేడి చేసే చిన్న పింగాణీ గిన్నెను, అదే నా క్రూసిబుల్‌ను, పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను.

"అక్కా, దీనికి గూడ ఒక బొట్టు పెట్టరాదు?"

"సారు అద్దన్నడు గద తమ్మీ! అయినా నీకు గివన్ని పట్టింపులున్నయా?"

"ఆరు నెల్ల సంది సతాయిస్తుంది అక్కా. జర పెట్టు."

"నీ మొకం జూస్తే పానం ఉసూరుమంటుంది. ఇగ పెడుతున్న, ఎవ్వలకు చెప్పకు," అంది.

మర్నాడు అందులోనే పొడి పోసి, తూకం యంత్రానికి తగిలించి బట్టీలో వేలాడదీశాను. మూడువందల డిగ్రీల దగ్గర ఎన్నడూ లేనిది, బరువు చటుక్కున తగ్గింది! తేమ అయితే నూరు డిగ్రీలకే పోవాలి కదా, ఇది కొత్త మార్పే అనుకున్నాను. దానికి పేరు పెట్టి నాలుగు పేజీల వ్యాసం మొదలుపెట్టాను. అక్కడ కాలిపోయింది నేను అడిగి మరీ పెట్టించుకున్న పసుపేనన్న సంగతి, పదహారేళ్ళు చదివిన ఈ బుర్రకు తట్టనే లేదు.

గ్రాము సారు పొంగిపోలేదు. అదే క్రూసిబుల్‌తో మళ్ళీ చేయమన్నాడు. చేశాను. ఈసారి బరువు తగ్గలేదు. సారు క్రూసిబుల్‌ను వెలుతురులో తిప్పి చూశాడు. పక్కన సన్నటి గోధుమరంగు మచ్చ. తర్వాత బట్టీ తలుపు మీది బొట్టు వైపు చూశాడు.

"దీనికి బొట్టు ఎవరు పెట్టారు?"

నేను నేల చూపులు చూశాను.

"నేనే పెట్టిన సారూ," అంది అక్క.

"వద్దని చెప్పాను కదమ్మా."

"చెప్పిన్రు సారూ." ఆమె నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"రేపటి నుంచి రానక్కర్లేదు," అన్నాడు. అక్క టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. నేను కదల్లేదు. సిగ్గుతో చచ్చిపోయానంటే అబద్ధం. ఆ క్షణాన నాకు కలిగింది గండం గడిచిందన్న సంతోషమే. సిగ్గు ఇంటికి వెళ్ళాక మొదలైంది.

మర్నాడు మధ్యాహ్నానికి గానీ నోరు పెగల్లేదు. "సార్, బొట్టు పెట్టమని అడిగింది నేనే."

సారు కళ్ళద్దాలు తీశాడు. "నిన్న మీరు అక్కడే ఉన్నారు కదూ?"

"ఉన్నాను సార్."

తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు. "ముందు వెళ్ళి ఆవిడను తీసుకురండి. మీ ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు.

బండి మీద కొత్వాల్‌గూడ వెళ్ళేసరికి అక్క వాకిట్లో కూర్చుని కొత్తిమీర కట్టలు కడుతోంది. అమ్ముకొచ్చే పని అప్పుడే మొదలైపోయింది. దారిపొడుగునా వల్లెవేసుకున్న క్షమాపణ ఒక్క ముక్క కూడా నోట్లోంచి రాలేదు. "సారు రమ్మన్నడు అక్కా, నేను చెప్పేసిన," అని మాత్రం అన్నాను. ఆమె చేతులు తుడుచుకుని లేచింది.

"నా పేరు ఎందుకు చెప్పలేదు అక్కా?"

"నువ్వే చెప్తవని జూసిన తమ్మీ," అంది. నా మొహం చూసి జాలి పడిందేమో, మళ్ళీ తనే అంది: "చెప్పినవ్ గద. జర ఆలస్యమైంది, గంతే."

నా కాంట్రాక్టును సారు మూడంటే మూడు నెలలు పొడిగించాడు. ఆ తర్వాత చాలా పొడులు చేశాను, కొన్ని బాగానే మింగాయి కూడా. ఒక పగలూ ఒక రాత్రీ ఒక మనిషి పని పోగొట్టిన నా మౌనానికి అక్క 'జర' అని పేరు పెట్టింది. అది గుర్తొస్తే ఆనాటి ఆ పిరికివాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను, తల మాత్రం ఇప్పటికీ పైకి లేవదు.