గోడకి ఆనించిన గిటారు

మెట్రో రైలు ఎల్బీనగర్ దాకా కొత్తగా నడవడం మొదలుపెట్టిన కాలంలో, హైదరాబాదులో ఒంటరిగా ఉండటమంటే ఏమిటో నాకంటే బాగా తెలిసినవాడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి మన్సూరాబాద్ వరకు ఇంకొకడు ఉండి ఉండడని నా గట్టి నమ్మకం. కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫోన్లు చేసే ఉద్యోగంలో చేరాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ముక్కూ మొహం తెలియని తల్లిదండ్రులకు ఫోన్ చేసి "మీ అబ్బాయి భవిష్యత్తు గురించి మాట్లాడాలండీ" అనడం, వాళ్ళు టక్కున పెట్టేయడం. రోజంతా మాట్లాడుతూనే ఉండేవాణ్ణి, నాతో మాట్లాడేవాళ్ళే లేరు. (ఒక పెద్దాయన మాత్రం పెట్టేసే ముందు "ముందు నీ భవిష్యత్తు చూసుకో నాయనా" అన్నాడు. ఆ గొంతు ఇప్పుడు ఏ రద్దీలో వినిపించినా గుర్తుపడతాను.) సాయంత్రం మన్సూరాబాద్‌లో నా కిరాయి గదికి చేరితే, మా ఓనరంకుల్ రోజు మొత్తానికి నాతో అనే మాట ఒక్కటే. "నల్లా సరిగ్గ బంద్ చేసినవా?" నేను ఆ కుళాయి ఎప్పుడూ సరిగ్గానే కట్టేశాను. ఈ సంగతి ఎక్కడో ఒకచోట రాసి ఉండటం అవసరం.

మా ఆఫీసులో ఒక గిటారు బృందం ఉండేది. దాని నాయకుడు క్లిప్పన్న. గిటారు మెడకు బిగించే చిన్న క్లిప్పు ఒకటి ఎప్పుడూ చొక్కా జేబుకు తగిలించుకుని తిరిగేవాడు కాబట్టి నేనే మనసులో ఆ పేరు పెట్టాను. వాళ్ళంతా ఆదివారం పొద్దున మన్సూరాబాద్‌లో మా కాలనీ పార్కులో కూర్చుని వాయించుకునేవారు. ఎక్కడనుకున్నారు? సరిగ్గా నా గదికి రెండు వీధుల అవతల. నా ఇంటి పక్కకు వచ్చి నన్ను పిలవకుండా వాయించుకోవడం ఏమి మర్యాదో మీరే చెప్పాలి. చివరికి సిగ్గు విడిచి నేనే అడిగాను. "ఈ ఆదివారం నేనూ వస్తానన్నా."

"ఒచ్చి ఏం చేస్తవ్ తమ్మీ?" అన్నాడు క్లిప్పన్న. "గిటార్ లేదు గదా నీకు. సప్పట్లు కొడ్తవా?"

అందరూ నవ్వారు. టీ పోసే ఆయన కూడా నవ్వాడు. జీతం పడిన సాయంత్రమే గిటారు కొనడానికి బయలుదేరాను.

వాద్యాల దుకాణం ఒకటి మెయిన్ రోడ్డు మీద, మెట్రో స్తంభాలకు ఎదురుగా ఒక బట్టల షాపు పైన ఉండేది. మెట్లెక్కి లోపలికి అడుగుపెట్టేసరికి నా కోపం కాసేపు ఎటో పోయింది. గోడల నిండా గిటార్లు! తేనె రంగువి, నల్లవి, సగం కాలిన బెల్లంలాంటి రంగువి. ఎవరో తండ్రీ కూతురూ కొత్తదాన్ని అట్టపెట్టెలోంచి తీయిస్తున్నారు. కొత్త కర్ర, కొత్త వార్నిష్ వాసన గుప్పుమంది. ఆ పిల్ల ఒక్క తీగ మీటి, భయపడ్డట్టు చెయ్యి వెనక్కి తీసుకుని తండ్రి మొహంలోకి చూసింది. ఆయన మొహం వెలిగిపోయింది. ఇంకో మూల ఒక కాలేజీ కుర్రాడు ఎర్రటి, సన్నటి గిటారు ఒకటి మెడలో వేసుకుని వాయిస్తుంటే దుకాణం అద్దాలు అదురుతున్నాయి. నేను దాన్నే చూస్తుండగా దుకాణదారు వచ్చాడు. ముందు నా చెప్పులు చూశాడు. తరువాత నన్ను చూశాడు.

"ఎవరికి? చిన్న పిల్లలకా?" అని, నా జవాబు వినకుండానే నాలుగు తీగల బుల్లి వాయిద్యం ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. "కొత్తగ నేర్సుకునేటోళ్లకు గిదే కరెక్టు."

మీరైతే ఏం చేసేవారో తెలియదు. నేను మాత్రం ఆ కాలేజీ కుర్రాడు కింద పెట్టిన ఎర్ర గిటారు చూపించి "అది కట్టండి" అన్నాను.

"గది ఎలక్ట్రిక్ భయ్యా..." అని ఏదో చెప్పబోయాడు.

"తెలుసండీ," అన్నాను. నాకు తెలిసిందల్లా దాని రంగు.

ఆ సంచి వీపున తగిలించుకుని దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్‌కి వెళుతుంటే నా నడకే మారిపోయింది. అక్కడ సంచులు తనిఖీ చేసే మిషన్లో అది పట్టలేదు. గార్డు జిప్పు తీయించి చూసి, ఉత్సాహపడిపోయి, "గిటారా? జర వాయించు భయ్యా, సూద్దాం" అన్నాడు. వెనక లైన్లో జనం ఆగారు. నా జీవితంలో మొదటి కచేరీ. చెయ్యెత్తి తీగల మీద ఒక్క దెబ్బ వేశాను. దోమ గుయ్యిమన్నంత శబ్దం వచ్చింది. ఇంకా గట్టిగా వేశాను. రెండు దోమలు.

గార్డు జాలిగా నా భుజం తట్టాడు. "నీకు ఖరాబ్ మాల్ అంటగట్టిండు అన్నా. వాపసిచ్చెయ్."

అటునుంచి అటే తిరిగి దుకాణానికి పోయి, మెట్ల మీదనుంచే తగువుకు దిగాను. దుకాణదారు నన్ను అరవనిచ్చి, మూలనున్న సూట్‌కేసంత నల్ల పెట్టె చూపించాడు. గిటారుకి వైరు పెట్టి ఆ పెట్టెకి తగిలిస్తేనే శబ్దం వస్తుందట. దాన్ని ఆంప్ అంటారట. ఇందాకటి మోత దానిదేనట. (నేను ఆ పెట్టె దుకాణంవాళ్ళ ఫ్యాను అనుకున్నాను.) ఆంప్ కొనే స్తోమత నాకు అప్పట్లో లేదు. అది నా మొహం మీదే కనిపించిందేమో, ఆయన మెత్తబడ్డాడు. "పరేషాన్ గాకు. మార్చుకో. గిది పెట్టెయ్, దీని బదులు..." అంటూ ఆయన చెయ్యి మళ్ళీ ఆ నాలుగు తీగల బుల్లిదాని వైపు వెళ్ళింది. పక్కనే మామూలు చెక్క గిటార్లు డజన్లకొద్దీ వేలాడుతున్నాయి. ఆ చెయ్యి ఒక్క మూర పక్కకు జరిగి ఉంటే నా కథ వేరేగా ఉండేది.

"అక్కర్లేదండీ," అన్నాను. "నాకు శబ్దం లేకపోయినా పర్వాలేదు."

అలా నేను శబ్దం రాని గిటారుకి యజమానినయ్యాను. సాయంత్రం గదిలో కూర్చుని, ఫోన్లో పాఠాలు చూస్తూ వేళ్ళు కాయలు కాచేలా నేర్చుకునేవాణ్ణి. ఎంత బాగా వాయించినా నాకే సరిగా వినబడదు. ఒకరోజు విసుగొచ్చి గిటారు తల భాగాన్ని గోడకి ఆనించి కొట్టాను. ఆశ్చర్యం, మోగింది! మంచం పక్క గోడలోంచి, దూరంగా ఎవరో వాయిస్తున్నట్టు గుమ్మని వచ్చింది. ఆ రోజు నుంచి అదే నా ఆసనం. మంచం మీద అడ్డంగా కూర్చోవడం, గిటారు తల గోడకి ఆనించడం, నా చెవి కూడా గోడకి ఆనించడం. కిటికీలోంచి ఎవరైనా చూస్తే పక్కింటి మాటలు దొంగచాటుగా వింటున్నాననుకునేవారు.

ఒక పాట పూర్తిగా వచ్చాక పార్కుకు వెళ్ళాను. ఎర్ర గిటారు సంచిలోంచి తీయగానే అందరూ "ఓహో" అన్నారు. క్లిప్పన్న స్వయంగా జరిగి చోటిచ్చాడు. హైదరాబాదు వచ్చాక నాకోసం ఒకరు జరగడం అదే మొదలు. తరువాత అందరూ కలిసి మొదలుపెట్టారు. వాళ్ళ చెక్క గిటార్లు గలగలా మోగాయి. నేనూ వాయించాను, ఒక్క తప్పు లేకుండా వాయించాను, దేవుడు సాక్షి. కానీ పార్కులో గోడ లేదు.

"ప్లగ్గేడ పెడ్తవ్ భయ్యా, వేపచెట్టుకా?" అన్నాడొకడు.

క్లిప్పన్న వాణ్ణి కసిరి, నన్ను ఓదార్చాడు. ఆ ఓదార్పే నేను ఇంతవరకు జీర్ణించుకోలేకపోయింది. "ఫీల్ గాకు తమ్మీ. నువ్వు కొట్టినా ఒకటే, కొట్టకున్నా ఒకటే. అట్లనే కూసో, ఫొటోల మస్తు కొడ్తది."

సాయంత్రం ఆఫీసు గ్రూపులో ఫొటో వచ్చింది. ఎర్ర గిటారు మస్తుగానే ఉంది. నా తల మాత్రం ఫొటోలో పడలేదు. గిటారు తీసి సంచిలో పెట్టి, సంచిని సజ్జ మీదకి తోసేశాను. నేను వాయించింది ఈ ఊళ్ళో ఒక్క మనిషైనా వినాలన్నదే నా కోరిక. అదీ తీరేది కాదని తేలిపోయింది.

కొన్నాళ్ళకి ఆఫీసునుంచి వస్తుంటే గేటు దగ్గర ఓనరంకుల్ వాళ్ళమ్మ నన్ను ఆపింది. అందరూ నాయనమ్మ అనేవారు. చెవులు దాదాపు వినబడవు. ఇంట్లో అందరూ ఆవిడతో అరిచే మాట్లాడేవారు, లేదా, ఎక్కువగా, అసలు మాట్లాడేవారే కాదు. ముందు హాల్లో టీవీ మోగుతుంటే ఆవిడ వెనక గదిలో మంచం మీద పడుకుని ఉండేది.

"ఏమయ్యా ఆంధ్ర పిలగా, ఇట్రా."

"నల్లా కట్టేశానండీ!" అని అరిచాను.

"నల్లా సంగతి ఎవడడిగిండు? నీకు పాణం మంచిగ లేదా?"

"బాగానే ఉన్నాను మామ్మగారూ!"

"మామ్మ ఏంది, నాయనమ్మ అను. మరి సప్పుడేది?"

"ఏం చప్పుడండీ?"

"దినాం పొద్దూకంగ ఒస్తది గదా, గోడలకెల్లి. టుంగు టుంగుమని. మొదాలు పక్కింటోళ్లు బోరు ఏయిస్తున్నరేమో అనుకున్న. తర్వాత సమజైంది, నీ అర్రలకెల్లి అని. నా మంచం పట్టె ఆ గోడకే ఉంటది, తలకాయ ఆనిస్తే మంచిగ ఒస్తది. గిన్నొద్దులాయె, ఏం లేదు. పోరనికి జరమొచ్చిందా, ఊరికి పోయిండా, జర అడుగురా అంటే మా కొడుకు నల్లా తప్ప ఇంకోటి అడగడు."

లక్షలమంది ఉన్న ఊళ్ళో నా చప్పుడు ఆగిపోయిందని పట్టించుకున్నది చెవులు వినబడని మనిషి!

పరుగున పోయి సజ్జ మీదనుంచి గిటారు దించి, ఆవిడ గదికి తీసుకెళ్ళి ముందు పెట్టాను. "కొత్త సామాను గదా, పూజ చేపియ్యలే? ఏం మనిషివయ్యా," అని కోప్పడి, కొత్త బండికి పెట్టినట్టు దానికి కుంకుమ బొట్టు పెట్టింది. అప్పుడు నేను ఎదురుగా స్టూలు మీద కూర్చుని, నాకు వచ్చిన ఆ ఒక్క పాటా ప్రాణం పెట్టి వాయించాను. ఆవిడ నా వేళ్ళకేసి చాలా శ్రద్ధగా చూసింది.

"ఇగ కొట్టు," అంది పాట అయ్యాక.

"కొట్టానండీ!"

"ఏమొస్తలే. గిట్ల గాదు. పో, నీ అర్రల కూసొని కొట్టు."

నాకున్న ఒకే ఒక్క శ్రోత నన్ను గదిలోంచి బయటికి పంపింది. (దీన్ని కూడా నేను మర్చిపోలేదు. కాకపోతే ఇది వేరే ఖాతా.) వెళ్ళి, గిటారు గోడకి ఆనించి, అదే పాట వాయించాను. ముగియగానే గోడ అవతలినుంచి స్టీలు గ్లాసుతో కొట్టినట్టు 'టక్' మని వినిపించింది. ఆపమంటోందనుకుని ఆపేశాను. మళ్ళీ టక్. మర్నాడు అడిగితే "ఇంకోటి కొట్టుమని," అంది, అంతమాత్రం తెలియదా అన్నట్టు. ఇంకోటి కొట్టాలంటే ఇంకోటి రావాలి కదా. అలా నేర్చుకున్నవే నాకు ఇవాళ వచ్చిన పాటలన్నీ.

మరుసటి ఏడాది జీతం పెరిగాక ఆంప్ కూడా కొన్నాను. తెచ్చిన సాయంత్రం గోడ జోలికి పోకుండా వైరు పెట్టి మోగిస్తే వీధి చివర ఇస్త్రీ ఆయన కూడా తలెత్తి చూశాడు. గోడ అవతలినుంచి ఆగకుండా టక్ టక్ టక్. మెప్పు అనుకుని ఇంకా పెంచాను. చివరికి ఆవిడే లేచి గోడ పట్టుకుని నా గుమ్మంలోకి వచ్చింది. "ఏం కొడ్తలేవేందయ్యా? గోడల ఏమొస్తలే. కరెంటు లొల్లి మాకొద్దు, పాతదే కొట్టు." ఆంప్ ఆపేసి మంచినీళ్ళ బిందెకి పీటగా వేశాను. ఆంప్ సంగతి తెలిసి క్లిప్పన్న, ఏదో హాల్లో కార్యక్రమం ఉంది, తీసుకుని రమ్మన్నాడు. "నేను కొట్టినా ఒకటే, కొట్టకున్నా ఒకటే కదన్నా," అన్నాను. ఆయన తెల్లమొహం వేశాడు. ఆ మాట అన్నట్టే గుర్తులేదు! అనడం ఒక అవమానమైతే మర్చిపోవడం అంతకన్నా పెద్దది.

కొన్నేళ్ళకి ఆ ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టడానికి ఇచ్చేశారు. వాళ్ళు పెద్ద అంబర్‌పేట్ వైపు మారారు, నేను ఎల్బీనగర్ వచ్చేశాను. సామాను ఎక్కిస్తున్నప్పుడు నాయనమ్మ ఆటోలో కూర్చుని, "ఆడ నా మంచం ఏ గోడకేస్తరో ఏమో," అంది. ఆవిడ మంచాన్ని నేనే ఎత్తి సామాను మీద పెట్టాను. ఓనరంకుల్ మాత్రం చివరిసారిగా నల్లా చూసివచ్చాడు.

ఇప్పుడు నా దగ్గర మంచి చెక్క గిటారు ఉంది, తేనె రంగుది. దానికి గోడా అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. అయినా సాయంత్రం ఒక్కోసారి ఆ ఎర్రదాన్నే తీస్తాను. దాని కుంకుమ బొట్టు తుడవలేదు. మంచం మీద అడ్డంగా కూర్చుని, దాని తల గోడకి ఆనించి, ఒక పాట వాయించి ఆగుతాను. ఈ వయసులో గోడకి చెవి పెట్టి కూర్చున్న నన్ను చూస్తే నాకే నవ్వొస్తుంది. అవతల ఫ్లాటువాళ్ళు చేరి చాలాకాలమైంది. ఇంతవరకు ఒక్కసారి కూడా గోడ కొట్టలేదు, ఆపమని అయినా సరే. అది కూడా గుర్తుపెట్టుకుంటున్నాను.