నిలబడమన్న మాట

కొత్తకోటలో బస్సెక్కితే సీట్లన్నీ ఖాళీ. అయినా ఒక ముసలాయన చంకలో బైబిలుతో, కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. కాళ్లు మోకాళ్లదాకా వాచి ఉన్నాయి. కూర్చోమన్నాను.

“మా పాస్టరయ్యకు ఎదురు మాట్లాడిన సార్. నేను చెప్పేదాంక కూసోవద్దన్నడు. చెప్పకముందే ప్రభువు దగ్గరికి పోయిండు. శానా ఏండ్లాయె.”

“నేనూ పాస్టర్నే. నేను చెబుతున్నా, కూర్చోండి.”

“నిలవెట్టినాయనే చెప్పాలె గద,” అంటూ నా కళ్లలోకి చూశాడు. “మీరెవర్నన్న నిలవెట్టిన్రా అయ్యగారూ?”

అప్పుడు గుర్తొచ్చింది. సంఘంలో నాకు ఎదురు చెప్పిందని ఒకామెను, నేను పిలిచేదాకా చర్చి గడప దాటొద్దన్నాను. రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఆమె బయటే నిలబడుతోంది. పిలవడం మరిచిపోయాను.

ఆ ఆదివారం పిలిచాను. ఆమె గడప దాటుతుంటే మొదటిసారి ఆమె కాళ్లవైపు చూశాను. మోకాళ్లదాకా వాచి ఉన్నాయి.