బాలన్న తలనొప్పితో కామారెడ్డి దాకా

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సులో పోదలచినవారికి నా మొదటి సలహా: వెనక బెంచీ మీద కూర్చోకండి. పెట్రోలంతా యుద్ధానికి పోతున్నప్పటి నుంచి మన బస్సు వెనక కాగంత పొయ్యి ఒకటి బిగించారు. దాంట్లో బొగ్గు రాజేసి, ఆ పొగతో బండి నడుపుతున్నారు. వెనక కూర్చున్నవాణ్ని దిగేసరికి కన్నతల్లి కూడా గుర్తుపట్టదు.

నేను పోయింది షికారుకు కాదు, బాలన్న తలనొప్పిని సర్కారు ముందు రుజువు చేయడానికి. బాలన్న వెనకటి పెద్ద లడాయిలో గుర్రపు సిపాయి. సముద్రం అవతలి మిసర్ దేశపు ఎడారిలో ఫిరంగి గుండు పక్కనే పేలి గుర్రం చచ్చింది, ఆయన బతికాడు. గాయం మానింది గాని తలలో ఒక పక్క నొప్పి మాత్రం పోలేదు. అది వచ్చిన రోజు వెలుగు చూడలేడు, చప్పుడు వినలేడు, మెతుకు ఇమడదు. అటువంటి రోజుల్లో ఇల్లు నడిచేది ఆయన భార్య లచ్చవ్వ కూలి మీదే.

లడాయిలో దెబ్బతిన్నవారికి పింఛను ఉంది. కచ్చేరి ముందు కూర్చుని అర్జీలు రాయడం నా బతుకుతెరువు కాబట్టి పోయినేడు ఆయన అర్జీ నేనే రాశాను. తోసేశారు. ఎందుకో వింటే మీరూ తల పట్టుకుంటారు. ఎట్లా ఉన్నావని డాక్టరు అడిగితే, "హుజూర్ దయవల్ల మంచిగున్న" అన్నాడట! అంత పెద్దమనిషి అడిగినప్పుడు మనవాళ్ల నోట ఇంకో మాట ఎట్లా వస్తుంది? ఆ డాక్టరు ఆ మాటే రాసుకుపోయాడు.

ఇప్పుడు వేరే డాక్టరు సికింద్రాబాదు నుంచి రైల్లో వచ్చి కామారెడ్డి ముసాఫిరు బంగళాలో పాత సిపాయిలను చూస్తాడని కబురు వచ్చింది. ఈసారీ కాదంటే మళ్లీ అడిగే వీలు లేదు. అందుకే నేనూ వెంట బయలుదేరాను.

తెల్లవారి బస్సు దగ్గరికి వచ్చిన బాలన్నను చూసి నాకు ఒళ్లు మండింది. నున్నగా గడ్డం గీయించుకుని, ఉతికిన కోటు మీద పతకం పెట్టుకుని, ఎర్ర రుమాలు చుట్టుకుని వచ్చాడు. పక్కన లచ్చవ్వ, సద్దిమూటతో.

"పెండ్లికి పోతున్నవా ఏంది బాలన్నా?" అన్నాను.

"దొర ముందటికి పోంగ మంచిగ పోవద్దా తమ్మీ?"

తలా ఆరణాలిచ్చి ముందు బెంచీలో కూర్చున్నాం. బస్సు కదలగానే నేను పాఠం మొదలుపెట్టాను. "నేను డాక్టరును. ఎట్లున్నవు?"

"మీ దయతోని మంచి... గాదు, గాదు!"

"నొస్తున్నదని చెప్పు!"

"దొర నిమ్మళంగ అడుగుతుంటె, నాకు గిట్ల నొస్తున్నదని ఆయన నెత్తిన పోస్తనా? మర్యాద గాదు తమ్మీ."

లింగంపేటలో బొగ్గు నింపడానికి బస్సు ఆగింది. లచ్చవ్వ ఇచ్చిన జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం తిన్నాం. అప్పటికే బస్సంతా మా పాఠం వింటోంది. బీడీల గంప ఒళ్లో పెట్టుకుని ఎక్కిన ఒక ముసలవ్వ ఉన్నట్టుండి మా వైపు తిరిగింది.

"ఓ బాపూ, పానం ఎట్లున్నది?"

"మంచిగున్నదవ్వా," అన్నాడు బాలన్న, ఆలోచించకుండానే.

బస్సంతా పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఆ అవ్వ మీద కోపమే వచ్చింది.

లింగంపేట దాటాక గాలి మళ్లి పొగంతా మా మీదికే వచ్చింది. దానికి తోడు చెట్ల సందుల్లోంచి ఎండ చురుక్కు చురుక్కుమని కళ్లలో పడుతోంది. ముందుగా చూసింది లచ్చవ్వే. కొంగు తీసి ఆయన కళ్ల మీద కప్పి, తల తన భుజానికి ఆనించుకుంది. నొప్పి వచ్చేసింది. నిజం చెప్పాలంటే నాకు లోపల సంతోషమైంది. ఇంతకంటే మంచి వేళకు ఎట్లా వస్తుంది!

"ఊరంత నన్ను పనిదొంగ అనుకుంటున్నది తమ్మీ," అన్నాడు ఆయన కొంగు కింది నుంచి. "మంచిగనే అవుపడుతడు, నాట్ల యాళ్లకు పండుకుంటడు అంటరు. గీ దొరన్న నమ్మితె సాలు."

నా సంతోషం అక్కడితో దిగిపోయింది.

పొద్దు బాగా పైకెక్కేసరికి కామారెడ్డి చేరాం. స్టేషను ఎదుటి హోటల్లో పూరీ, ఆలుగడ్డ కూర బాగుంటాయి. బాలన్న ముట్టలేదు, ఆయన పళ్లెం కూడా నేనే ఖాళీ చేశాను.

బంగళా వరండాలో మా వంతు వచ్చింది. డాక్టరు ఉర్దూ మాట్లాడే లావుపాటి పెద్దమనిషి, చూపు మెత్తన. అంతవరకూ గోడకు ఆనుకుని ఉన్న బాలన్న, పిలవగానే కళ్ల మీదికి దించుకున్న రుమాలు పైకి తోసి, నాతో లోపలికి నడిచి, నిటారుగా నిలబడి సలాం కొట్టాడు.

"కైసే హో, సిపాయీ?"

"ఆప్ కీ మెహర్బానీ, హుజూర్. అచ్ఛా హూఁ!"

ఉర్దూలోనూ అదే మాట, మీ దయవల్ల మంచిగున్న! బస్సులో చెప్పిన పాఠమంతా గంగలో కలిసింది. డాక్టరు కలం అందుకున్నాడు.

"అబద్ధం దొరా!" అని గుమ్మంలోంచి వినబడింది. కచ్చేరి గడప ఎన్నడూ తొక్కని లచ్చవ్వ లోపలికి వచ్చి నిలబడింది. డాక్టరు కలం ఆపాడు. ఆమె మాట ఆయనకు నేను ఉర్దూలో చెప్పాను. భార్య కాక వేరే సాక్షి ఎవరన్నా ఉన్నారా అని ఆయన అడిగాడు.

"మా వాడంత సాక్షే," అంది లచ్చవ్వ. "ఈయనకు నెత్తి నొస్తె నేను వాకిట్ల నల్ల గొంగడి కడ్త. అది జూసి ఆడోళ్లు రోకండ్లు పక్కకు వెడ్తరు. వడ్లు నెత్తిన వెట్టుకోని అవుతలి వాడకు పోయి దంచుకొస్తరు. పెండ్లి డప్పులు గూడ మలుపు కాన్నే ఆగుతయి. ఇరవై ఏండ్ల సంది గిట్లనే. లేని నొప్పికి అంత మంది రోకండ్లు ఆపుతరా?"

ఈ మాటలూ నేను ఉర్దూలో చెప్పాను. డాక్టరు లేచి తానే కిటికీ తెర దించాడు. బాలన్నను కుర్చీలో కూర్చోబెట్టి, గొంతు తగ్గించి చాలాసేపు అడిగాడు. తర్వాత రాసి, నాకు చదివి వినిపించాడు: నొప్పి నిజం, లడాయి వల్ల వచ్చినదే, పింఛను ఇవ్వదగును. నేను ఎగిరి గంతేయనిది బంగళా మర్యాద కోసమే. బాలన్న మాత్రం అది విన్నట్టే లేడు. లచ్చవ్వ వైపే చూస్తున్నాడు.

మూడు గంటల బస్సుకు ముందు నేను బెల్లం కొన్నాను. కామారెడ్డి పోయి బెల్లం తేనివాణ్ని మా ఇంట్లో రానివ్వరు. తిరుగుదారిలో లింగంపేట దగ్గర బాలన్న కొంగు కింది నుంచే అడిగాడు: "రోకండ్ల ముచ్చట నాకెందుకు చెప్పలె?"

"చెప్తె నువ్వు ఊకుంటవా? దంచుకోండ్రి అని మొత్తుకుందువు."

దీపాలు పెట్టేవేళకు ఎల్లారెడ్డిలో దిగి, ఆయన్ను ఇంటిదాకా నడిపించుకు వెళ్లాను. వాడంతా దంపుళ్ల చప్పుడు. లచ్చవ్వ వాకిట్లో గొంగడి కట్టింది. పక్కింటి రోకలి ఆగింది. తర్వాత ఎదురింటిది. అట్లా ఒక్కొక్కటే వాడ చివరిదాకా అన్నీ ఆగిపోయాయి. నేను నడుము నొప్పి, పొగ కంపు అన్నీ మరిచి అక్కడే నిలబడిపోయాను. డాక్టరు కలం పట్టకముందు నుంచీ ఆ నొప్పిని నమ్మినవాళ్లు ఇంతమంది ఉన్నారు.

లోపలి నుంచి బాలన్న కేక వినిపించింది: "ఓ అవ్వలాలా, దంచుకోండ్రి! నేను మంచిగనే ఉన్న!"

ఒక్కరూ నమ్మలేదు.